మావయ్య ఒలిచి ఇచ్చిన బిళ్ళలు

ముందు సంతోషం సంగతి చెప్పేస్తాను. అది చెప్పకుండా మిగతాది మొదలుపెట్టడం నా వల్ల కాదు. నేను ఫార్మసీ డిగ్రీ ప్యాసయ్యాను. ఫార్మసిస్టుగా పేరు నమోదైంది. టెక్కలిలో ఒక ఆసుపత్రి మందుల కౌంటర్లో ఉద్యోగం వచ్చింది. మా అమ్మ వైపు గానీ నాన్న వైపు గానీ కాలేజీకి వెళ్ళి పట్టా పట్టుకుని బయటికొచ్చిన మొదటి మనిషిని నేనే. చేరిన రోజు తెల్లకోటు ఇచ్చారు. జేబు మీద నీలం దారంతో నా పేరు కుట్టి ఉంది, హైమావతి అని. ఆ అక్షరాల మీద వేలు పెట్టి తడుముకుంటూనే ఉన్నాను. మొదటి సెలవు దొరకగానే ఆ కోటు మడతపెట్టి సంచిలో పెట్టుకుని పలాస బస్సెక్కాను. పక్కసీట్లో కూర్చున్న ముసలామెకి అడక్కుండానే నా ఉద్యోగం సంగతంతా చెప్పేశాను. ఆవిడ ఓపిగ్గా విని, "మంచిదే తల్లీ. నా మోకాలికేటైనా బిల్ల సెప్పు మరి" అంది. ఫార్మసిస్టునని చెప్పగానే మా వైపు ఎవరైనా మొదట అడిగేది అదే. నేను నవ్వాను. ఆ పూట ఎవరేమన్నా నవ్వేదాన్నే.

ఈ కబురు ఇద్దరికి ఎదురుగా నిలబడి చెప్పాలని ఫోన్లో కూడా చెప్పకుండా దాచాను. ఒకరు మా అమ్మ, దమయంతి. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి నన్ను చదివించిన మనిషి. రెండోవాడు అమ్మకి సొంత తమ్ముడు, ఢిల్లీ మావయ్య. అసలు పేరు ఢిల్లేశ్వరరావు. మా వీధి చివర మందుల కొట్టు ఆయనదే. నాకు మందులంటే ఇష్టం కలిగింది ఆ కొట్టు వాసనతోనే: అట్టపెట్టెలు, స్పిరిట్, దగ్గుమందు తీపి కలిసిన వాసన. ఇంటర్ అయ్యాక అమ్మ నన్ను తనతో పాటు ఫ్యాక్టరీకి తీసుకెళ్ళి పప్పు ఏరే బల్ల దగ్గర కూర్చోబెట్టబోతే, "ఒద్దప్పా, గుంటకి బుర్రుంది. మందుల సదువు సదివించు" అని పట్టుబట్టి ఒప్పించింది మావయ్యే. మా వైపు అక్కని అప్ప అంటాం, ఆడపిల్లని గుంట అంటాం. ఆయన "అప్పా" అని పిలిస్తే అమ్మ ముఖం వెలిగిపోయేది.

ఇద్దరికీ చెప్పాను. ఇద్దరూ పొంగిపోయారు. అయినా తిరిగి టెక్కలి వచ్చేటప్పుడు బస్సులో పక్కమనిషితో ఒక్క మాట మాట్లాడలేదు. ఎందుకో చెప్పాలంటే మా వీధి దగ్గర మొదలుపెట్టాలి.

మాది పలాసలో ఫ్యాక్టరీల వెనక వీధి. పొద్దున్నే బట్టీల పొగ దిగేది. కాలిన జీడి తొక్క వాసన బట్టలకీ జుట్టుకీ అన్నం గిన్నెకీ పట్టేసేది. బయటివాళ్ళు ముక్కు మూసుకుంటారు గానీ, నాకు ఇప్పటికీ ఆ వాసన తగిలితే అమ్మ కొంగు పట్టుకున్నట్టుంటుంది. జీడి నూనె తగిలి అమ్మ వేళ్ళు నల్లగా కమిలి ఉండేవి. పొద్దున్న లేవగానే ఆ వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుని, పొయ్యి మీద పాలు లేని టీ పెట్టేది. టీ పొంగేలోగా కొంగుముడి విప్పేది. అందులో చిన్న కాగితప్పొట్లం. పొట్లంలో బిళ్ళలు. ఒకటి తీసి నాలిక మీద పెట్టుకుని టీతో మింగేసేది. ఆ తర్వాతే నడుం మీద చెయ్యేసుకుని, "పద" అని తనకి తాను చెప్పుకుని బయల్దేరేది.

అప్పటికి నొప్పి ఉండేది కాదు. ఇది మా వీధివాళ్ళకి తప్ప వేరేవాళ్ళకి అర్థం కాదేమో. మా వీధిలో నొప్పి వచ్చాక బిళ్ళ వేసుకునేవాళ్ళు లేరు. అందరూ ముందే వేసుకునేవాళ్ళు. రోజంతా పీట మీద కూర్చుని, కాలితో తొక్కుతూ చేత్తో కొడుతూ ఉంటే మధ్యాహ్నానికి నడుం ఎలాగూ పట్టేస్తుంది. దానికంటే ముందు మనమే వెళ్ళి కాపు కాయాలి. అదీ లెక్క. ఒకసారి అడిగాను, "నొప్పి లేదు కదమ్మా, మరెందుకు?" అని. "ఒచ్చినాక ఏసుకుంతే అది పనిసేసినవరకూ మేస్త్రి ఆగుతాడేటి?" అంది. ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు బిళ్ళలు బదులిచ్చుకునేవాళ్ళు, చింతపండో ఉప్పో ఇచ్చుకున్నట్టు. "ఒలే దమయంతీ, ఒక ఎర్రదియ్యే, రేపిచ్చేత్తాను." ఎవరి దగ్గర ఏ రంగు ఉందో అందరికీ తెలుసు. ఇంకొకటుంది. ఫ్యాక్టరీలో మరుగుదొడ్డి దూరం. మాటిమాటికీ లేచి వెళ్తే పని తగ్గుతుంది, మేస్త్రి మాటలంటాడు. అందుకని సాయంత్రం ఇంటికొచ్చేదాకా వాళ్ళు మంచినీళ్ళు ముట్టేవాళ్ళు కాదు. బట్టీల వేడిలో, ఖాళీ కడుపు మీద టీ, టీ మీద బిళ్ళ, ఆ పైన చుక్క నీళ్ళు లేవు. అమ్మ దాన్ని ఓర్పు అనుకునేది. నేనూ అలాగే అనుకునేదాన్ని.

ఆ పొట్లాలు కట్టేది ఢిల్లీ మావయ్య. కొట్టు బల్ల వెనక ఎత్తు స్టూలు మీద కూర్చుని, కత్తెరతో అట్టలు కత్తిరించి, బొటనవేలి గోరుతో రేకు చీల్చి బిళ్ళలు ఒలిచేవాడు. టక్కుటక్కుమని సత్తు పళ్ళెంలో పడేవి. పచ్చదొకటి, గులాబీదొకటి, తెల్లవి రెండు. పాత కేలండరు కాగితంలో వేసి మడత పెట్టి, "పొద్దుటికిది, రాతిరికిది" అని చేతిలో పెట్టేవాడు. ఖాళీ రేకులు కాళ్ళ కింద డబ్బాలో పడేవి. ఫ్యాక్టరీలో అమ్మ పిక్కలు ఒలిచేది, కొట్లో ఆమె తమ్ముడు బిళ్ళలు ఒలిచేవాడు. ఆ రెండూ ఒకే రకం పనితనం అనిపించేది నాకు. కొట్టు గోడ మీద అద్దం కట్టిన సర్టిఫికెట్ ఒకటి ఉండేది, మూలన ఎవరో మీసాలాయన ఫొటోతో. ఆయన్ని మా వీధిలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఆయన మావయ్యకి గురువేమో అనుకుని చిన్నప్పుడు ఒకటి రెండుసార్లు దణ్ణం కూడా పెట్టాను.

నాకు జ్వరం వస్తే అమ్మ ఫ్యాక్టరీ మానేది కాదు. కొట్టుకి తీసుకెళ్ళేది. మావయ్య నా మెడ మీద చెయ్యేసి, "కాలిపోతన్నాది కదే" అని గబగబా ఒలిచేవాడు. జ్వరానికొకటి, జలుబుకొకటి, ఒళ్ళునొప్పులకి పెద్దవాళ్ళ బిళ్ళలో సగం. అన్నీ ఒక్కసారే. చెంచాలో నూరి బెల్లం కలిపి అమ్మ నోట్లో పోసేది. చెమటలు పట్టి జ్వరం దిగిపోయేది. సాయంత్రానికి లేచి వీధిలో తిరిగేదాన్ని. "మా తమ్ముడి సెయ్యి మంచిది" అని అమ్మ వీధంతా చెప్పేది.

మా నాన్న కవిటి వైపు మనిషి. ఫ్యాక్టరీలో బస్తాలు మోసేవాడు. ఆయనకి కిడ్నీ జబ్బని తేలాక అమ్మ ఆయన్ని విశాఖపట్నం ఆసుపత్రికి తిప్పుతూ, నన్ను మావయ్య ఇంట్లో వదిలి వెళ్ళేది. అలా ఉన్నప్పుడు ఒకసారి నాకు జ్వరం వచ్చింది. కొట్టు వెనకే ఇల్లు. మావయ్య భార్య, కుమారత్త, నన్ను మంచం మీద పడుకోబెట్టింది. గంజి తాగించింది. అల్మారాలోంచి ఒక అట్ట తీసింది. ఒలవని అట్ట, దాని మీద పేరుంది. మావయ్య వచ్చి, నేను తిన్నానో లేదో కనుక్కుని, పిల్లల మందు మూతలో గీత దాకా కొలిచి ఇచ్చాడు. ఎండెక్కాక ఒళ్ళు మళ్ళీ కాలింది. అత్త ఇంకో మోతాదు ఇవ్వబోయింది. "ఆగే. ఆరు గంటలవలేదు. తడిగుడ్డ ఎయ్యి, నీల్లు తాగించు" అన్నాడు. ఆయన పిల్లలకి జ్వరమొచ్చినా అంతే. ఒకటే మందు, కొలత, గడియారం వైపు చూపు, తడిగుడ్డ, పడక. మూడో రోజుకి తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పరుగు. కుమారత్తకి నడుం నొప్పి వస్తే వేడినీళ్ళ కాపడం, రెండు పూటలు వంట మానడం. బిళ్ళ మాట ఎత్తేవాడు కాదు.

ఇక్కడ నా పిచ్చి చెప్పాలి. ఆ మంచం మీద పడుకుని నేను అనుకున్నదేమిటంటే, మావయ్యకి తన పెళ్ళాంబిడ్డల కంటే మేమంటేనే ఎక్కువ ప్రేమ అని. మాకైతే గుప్పెడు ఇస్తాడు. పచ్చవీ, గులాబీవీ, తెల్లవీ. వాళ్ళకి ఒక్కటిచ్చి, రెండోదానికి గడియారం చూపిస్తాడు. పాపం కుమారత్త అనుకున్నాను. ఇంటికొచ్చాక అమ్మకి చెప్పాను కూడా. అమ్మ నవ్వి, "అక్కల మీద మమకారం అలాగే ఉంతాది" అంది. చాలా ఏళ్ళు నేను ఆ మాట మీదే బతికాను.

నాన్న పోయాడు. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ మా ఉద్దానంలో ఆ మాట చెబితే ఎలా అని ఎవరూ అడగరు. ఒక్కటి మాత్రం నిజాయితీగా చెప్పాలి. మా వైపు కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో పెద్ద పెద్ద డాక్టర్లకే ఇంకా తేలలేదు. నీళ్ళంటారు, ఎండంటారు, పనంటారు. మా నాన్న ప్రాణం బిళ్ళలే తీశాయని నేను ఎవరి మీదా మోపను. మోపడానికి నా దగ్గర ఆధారం లేదు. నా బాధ అది కాదు.

కాలేజీలో ఒక మేడమ్ నొప్పిమాత్రల పాఠం చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. కొన్ని రకాల నొప్పిమాత్రలు కిడ్నీకి రక్తం అందడాన్ని తగ్గిస్తాయని, ఒంట్లో నీళ్ళు తక్కువున్నప్పుడు రోజూ వేసుకుంటే ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుందని, ఇదివరకే కిడ్నీ బలహీనపడినవాళ్ళు డాక్టరు చెప్పకుండా వాటిని తాకకూడదని చెప్పారు. జ్వరం మాత్ర మంచిదే గానీ దాని కొలత దాటకూడదన్నారు. జలుబు బిళ్ళలోనూ ఒళ్ళునొప్పుల బిళ్ళలోనూ అదే మందు వేరే పేరుతో ఉంటుంది, చూసుకోకుండా అన్నీ కలిపి మింగితే లివరు మీద పడుతుంది. పిల్లలకి బరువును బట్టి కొలత గానీ, పెద్దవాళ్ళ బిళ్ళలో సగం కాదు. "అట్ట మీద చిన్న అక్షరాలు చదవకుండా ఏ బిళ్ళా నోట్లోకి పోనివ్వద్దు" అన్నారు మేడమ్. అందరూ రాసుకుంటున్నారు. నేను పెన్ను పట్టుకుని కూర్చుండిపోయాను. మా ఇంట్లో బిళ్ళలకి అక్షరాలేవి? మా బిళ్ళలకి రంగులే. పేర్లుండేది మావయ్య ఇంట్లో.

అప్పుడే అనుమానం రావాలి. వచ్చింది. దాన్ని నేనే నొక్కేశాను. మావయ్య చదువుకోలేదు, ఎవరో సేల్స్‌మేన్ చెప్పింది చేస్తున్నాడు, తెలీక ఇస్తున్నాడు అని నాకు నేను చెప్పుకున్నాను. చదువు అయ్యాక కొట్లో కూర్చోబెట్టుకుని నేనే నేర్పుతాననుకున్నాను. ఆ ఊహ నాకెంత బాగుండేదో. తను చదివించిన మేనకోడలే తనకి పాఠం చెప్పడం.

ఆఖరి ఏడాది సెలవుల్లో అమ్మకి కాళ్ళు ఉబ్బితే పరీక్ష చేయించాను. కిడ్నీ కొద్దిగా దెబ్బతిందన్నారు. డాక్టరు అమ్మ ముఖంలోకి చూసి చెప్పాడు: "ఇప్పటికి చేయి దాటలేదమ్మా. నొప్పిబిళ్ళలు పూర్తిగా మానెయ్యి. నీళ్ళు బాగా తాగు. మానకపోతే మాత్రం నేను చేసేదేమీ లేదు." బయటికొచ్చాక అమ్మ నా తల మీద చెయ్యి పెట్టి మానేస్తానంది. ఫోన్ చేసినప్పుడల్లా అడిగేదాన్ని. "మానీసినాను కదే, ఎన్నిసార్లడుగుతావు?" అని కసిరేది. ఆ కసురు వింటే నాకు ధైర్యంగా ఉండేది.

ఇప్పుడు ఆ సెలవు రోజుకి వస్తాను. ఇంటికెళ్ళి, అమ్మ ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి కోటు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాను. అమ్మ చూసింది. నల్లటి వేళ్ళు తగిలితే కోటు మాసిపోతుందని చేతులు వెనక్కి పెట్టుకుని, నా జేబు మీది పేరుని అంత దూరం నుంచే కూడబలుక్కుని చదివింది. "ఒలమ్మో, ఇది నువ్వేనేటే" అంది. ఏడ్చాం, నవ్వాం. కాళ్ళు కడుక్కుంటానని అమ్మ పెరట్లోకి వెళ్ళింది. నేను వంట మొదలుపెడదామని బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టాను. బియ్యంలో పొట్లం తగిలింది. ఈ ఏటి కేలండరు కాగితం. విప్పితే అన్నీ గులాబీ బిళ్ళలే.

అమ్మ తడికాళ్ళతో వచ్చి నా చేతిలో పొట్లం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మానేశానన్నావు కదమ్మా."

"పచ్చది మానీసినాను. మీ మావకి సెప్పినాను, డాక్టరు ఒద్దన్నాడురా అని. అయితే పచ్చది మానీయప్పా, ఈ గులాబీది ఏసుకో, ఇది మంచిది, కిడ్నీకేటీ సెయ్యదు అన్నాడు. ఆడికి తెల్దేటి?"

నాలుగేళ్ళు మందులు చదివి వచ్చాను. అయినా ఆ బిళ్ళని వెలుగులో పెట్టి ఎంత తిప్పినా దాని పేరు నాకు తెలియలేదు. ఒలిచేశాక ఎవరికీ తెలియదు. పొట్లం పిడికిట్లో పెట్టుకుని, కోటు విప్పకుండానే కొట్టుకి నడిచాను.

మావయ్య నన్ను చూసి స్టూలు మీంచి దిగి రోడ్డు మీదకొచ్చాడు. "ఒరే, ఎవలొచ్చారో సూడండ్రా! మా కోడలు! పార్మసిస్టు!" పక్క కొట్టునుంచి కాజాలు తెప్పించి నా నోట్లో కుక్కాడు. ఆయన కళ్ళలో నీళ్ళు నిజమైనవే. ఆ తర్వాత గోడ మీది మీసాలాయన్ని వేలితో చూపించాడు. "ఈడింక దిగిపోతాడు. అద్దెకి తెచ్చిన కాయితం ఎన్నాల్లని? ఇక్కడ నీ బొమ్మ, నీ సర్టిపికెట్టు పెడతాను."

"నేను టెక్కలిలో పని చేస్తున్నాను కదా మావా."

"సెయ్యి, ఎవలొద్దన్నారు? నువ్వు రానక్కర్లేదు. కొట్టు లైసెన్సుకి కాయితం ఇక్కడుంతే సాలు."

"మనిషి లేకుండా కాయితం దేనికి?"

"మనిషి నానున్నాను కదే! అందుకే కదేటి నిన్ను ఈ సదువు సదివించమన్నాను."

చాలా మామూలుగా అన్నాడు. నా నోట్లో కాజా నేనింకా మింగలేదు.

అంతలో అమ్మతో పనిచేసే ఒకావిడ వచ్చి, "ఒలే హైమా, డాట్రమ్మవైపోనావేటి! మమ్మల్ని మర్సిపోకేం" అని నా బుగ్గ గిల్లి, మావయ్య వైపు తిరిగి "నాలుగు గులాబీవియ్యి బావా" అంది. మావయ్య కత్తెర తీశాడు. టక్కుటక్కుమని పళ్ళెంలో పడ్డాయి. ఆమె పొట్లం తీసుకుని ఇటు వెళ్ళిందో లేదో, లోపల్నుంచి కుమారత్త మనవడిని ఎత్తుకుని వచ్చింది. పిల్లాడికి జ్వరం. మావయ్య అట్టపెట్టె తీసి సీసా మీద అక్షరాలు చదివాడు. "మొన్న అంగన్వాడీలో బరువెంత అన్నారు?" అని అడిగాడు. పొద్దున్న ఎప్పుడిచ్చారో అడిగాడు. గడియారం చూశాడు. "ఇంకా టైమవలేదు. తడిగుడ్డ ఎయ్యి. దాంతోటి జలుబు మందు ఇచ్చీకు, రెండిట్లోనూ ఒకటే ఉంతాది" అన్నాడు.

మా మేడమ్ కూడా అంతకంటే బాగా చెప్పలేదు. ప్రతి అక్షరం ఆయనకి తెలుసు. ఎప్పట్నుంచో తెలుసు. నేను జ్వరంతో ఆయన మంచం మీద పడుకున్న రోజుకే తెలుసు. తెలీక ఇస్తున్నాడన్న మాట పట్టుకుని ఇన్నేళ్ళు నేను ఆయన్ని మోశాను. అది అక్కడే, ఆ పళ్ళెం పక్కనే జారిపోయింది.

"మావా, అమ్మకిచ్చే గులాబీవాటి అట్ట చూపించు" అన్నాను. "ఎందుకే?" అన్నాడు. "పచ్చవాటిది కూడా." నా గొంతులో ఏం వినపడిందో, రెండూ బల్ల మీద పెట్టాడు. చిన్న అక్షరాలు చదివాను. కంపెనీలు వేరు, రంగులు వేరు. లోపల మందు ఒకటే, కొలత కూడా ఒకటే. డాక్టరు మానమన్నదే.

"రెండూ ఒకటే మావా."

"రంగు ఏరు కదే" అని నవ్వబోయాడు. నేను నవ్వలేదు. అప్పుడు స్టూలు మీద కూర్చుని కత్తెర పక్కన పెట్టాడు. "ఏటి సెయ్యమంతావు? నాను పేరు సెప్తే మీయమ్మ నడుం నొప్పి తగ్గుతాదేటి? రేపు కొట్టుడుకి ఎల్లాలన్నాది. అడిగినాది, ఇచ్చినాను. నానియ్యకపోతే ఆ మలుపులో ఇంకోడిత్తాడు. మా ఇంట్లోవోల్లకి పడుకుందికి మంచమున్నాది, సెయ్యడానికి మనుషులున్నారు. మీయమ్మకేటుంది? లేవకపోతే ఎలాగ? లేపి నిలబెట్టినాను. నువ్వు సదువుకున్నావంతే ఆ బిల్లలమీదే కదేటి?"

ఆ ఆఖరి మాట నిజమే. అమ్మ ఆ బిళ్ళలు మింగి కొట్టిన పిక్కల మీదే నా చదువు నడిచింది. కానీ డాక్టరు వద్దన్నాక కూడా రంగు మార్చి ఇచ్చాడు. అక్క తనని నమ్ముతుందని తెలిసి, ఆ నమ్మకాన్నే కాగితంలో మడత పెట్టి ఇచ్చాడు. చేతిలో పొట్లం అలాగే ఉంది. ఇంటికి వచ్చేశాను.

అమ్మకి అంతా చెప్పాను. అమ్మ నమ్మలేదు. "మా తమ్ముడు నన్ను మోసం సేత్తాడేటే? ఆడి సేతుల్లో పెరిగినావు. నాలుగు అచ్చరాలు నేర్సీసి ఆడిమీదే ఎగురుతన్నావా?" అని నన్నే తిట్టింది. నా ఒంటి మీది కోటు లాగి మంచం మీద పడేసింది. అన్నం తినేటప్పుడు, ముద్ద కలుపుతూ, కంచంలోకే చూస్తూ అడిగింది.

"కుమారికి నడుం నొప్పొస్తే ఆడేటిత్తాడు?"

"కాపడం పెడతాడమ్మా. పడుకోమంటాడు."

"బిల్ల?"

"చిన్నప్పుడు నేనక్కడున్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా ఇవ్వలేదు."

అమ్మ ముద్ద కలుపుతూనే ఉంది. ఆమెకి ఏది గుర్తొస్తోందో నాకు తెలియదు గానీ, అక్కల మీద మమకారం అలాగే ఉంతాది అని నవ్విన రోజు నాకు గుర్తొస్తోంది.

ఇప్పుడు మా వీధి మారింది. పెంకుటిళ్ళు డాబాలయ్యాయి. గుమ్మాల్లో మంచినీళ్ళ డబ్బాలు, అందరి చేతుల్లో ఫోన్లు. చదువుకున్న పిల్లలు ప్రతి ఇంట్లో ఉన్నారు. ఆ ఇళ్ళల్లోనే, ఆడవాళ్ళ కొంగుముళ్ళలో బిళ్ళలు మాత్రం ఇంకా రంగులతోనే ఉన్నాయి. అప్పుడు మాకు తెలియదు, ఇవ్వడం ప్రేమ అనుకున్నాం. ఇప్పుడు తెలిసింది గానీ, తెలిసినందుకు పోయింది తక్కువేం కాదు. మనిషి ఉండగానే నాకు మావయ్య పోయాడు. అమ్మకి తమ్ముడు.

మర్నాడు పొద్దున్న అమ్మ ఎప్పట్లాగే లేచింది. వేళ్ళకి నూనె రాసుకుంది, టీ పెట్టింది. చెయ్యి అలవాటుగా కొంగుముడి దగ్గరికి వెళ్ళి ఆగింది. టీ తాగకుండానే దించేసి, బియ్యం డబ్బాలోంచి నేను తిరిగి పెట్టేసిన పొట్లం తీసుకుని వీధిలోకి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. ఫ్యాక్టరీకి వెళ్ళే ఆడవాళ్ళు కొట్టు దగ్గర నిలబడి ఉన్నారు. మావయ్య కత్తెరతో పనిలో ఉన్నాడు. అమ్మ వాళ్ళని దాటుకుని వెళ్ళి పొట్లం బల్ల మీద పెట్టింది.

"తమ్ముడా, ఇది నాకొద్దు. కుమారికిచ్చేది నాకియ్యి."

మావయ్య చెయ్యి ఆగిపోయింది. "ఏటప్పా, పొద్దున్నే?"

"కుమారికి నడుం నొప్పొస్తే ఏటిత్తావో అదే. నాకూ అదే ఇచ్చీ."

మావయ్య గోడ మీది మీసాలాయన వైపు చూశాడు, నా వైపు చూశాడు, అల్మారా వైపు చూశాడు. ఇవ్వడానికి అక్కడ ఏమీ లేదు. కుమారత్తకి ఇచ్చేది ఏ అట్టలోనూ దొరకదు.

"లేదేటి? అయితే కూకుంతాను" అంది అమ్మ. కొట్టు ముందున్న బల్ల మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. పని మానేసి, పట్టపగలు, వీధిలో అందరూ చూస్తుండగా కూర్చోవడం నేను పుట్టాక అదే చూడ్డం. ఫ్యాక్టరీ సైరన్ మోగింది. ఆడవాళ్ళు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. కొందరు వెళ్ళిపోయారు. నిన్న గులాబీవి కొన్నావిడ మాత్రం కొంగుముడి పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"ఓ కుమారీ" అని లోపలికి కేకేసింది అమ్మ, "మంచినీల్లియ్యే."

కుమారత్త పెద్ద గ్లాసుతో తెచ్చి ఇచ్చింది. అమ్మ తన తమ్ముడి ముఖంలోకే చూస్తూ, ఎక్కడా ఆగకుండా, అడుగుదాకా తాగింది. ఖాళీ గ్లాసు బల్ల మీద, పొట్లం పక్కన పెట్టింది.

"ఇంకో గ్లాసు తే" అంది.